బేబ్ రూత్ కంటే ముందు: రోజర్ కానర్, 138 హోమ్ రన్లు

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున్నే పిల్లల్ని ఆటకి తీసుకెళ్లి, గ్రౌండ్ పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చునే తల్లిదండ్రులు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. అందుకే బేస్‌బాల్ గురించి మాట్లాడమని నిర్వాహకులు అడగగానే ఒప్పుకున్నాను. పాత రోజుల హోమ్ రన్ వీరుడు అనగానే బేబ్ రూత్ గురించి చెబుతానని అనుకుని ఉంటారు. నేను చెప్పబోయేది రూత్ ఎవరి రికార్డు దాటాడో ఆ మనిషి గురించి.

అతని పేరు రోజర్ కానర్. 1880 నుంచి 1897 దాకా మేజర్ లీగుల్లో, అంటే అమెరికాలో అన్నిటికంటే పై స్థాయి బేస్‌బాల్ లీగుల్లో, 18 సీజన్లు ఆడాడు. 138 హోమ్ రన్లు కొట్టాడు. 1895లో మొదటి స్థానానికి చేరాడు. రిటైరయ్యాక కూడా, 1921 జులై దాకా అతని కంటే ఎక్కువ కొట్టిన వాళ్లు లేరు. ఆట మానేశాక 23 ఏళ్లకు పైగా ఆ రికార్డు నిలబడింది. అయినా ఇవాళ బేస్‌బాల్ బాగా చూసేవాళ్లలో కూడా ఆ పేరు తెలిసినవాళ్లు తక్కువ.

ఎందుకు తెలియదు అన్నదే నా ప్రసంగం. బంతిని కొట్టడం ఒక పని, దాన్ని లెక్క రాసి దాచడం ఇంకో పని. కానర్ మొదటిది చేశాడు. రెండోది అతని కాలంలో సరిగ్గా జరగలేదు.

ఆట కొత్తవాళ్లకి ఒక్క మాట. మైదానంలో చతురస్రం ఆకారంలో నాలుగు బేస్‌లు ఉంటాయి, ఒకదానికీ ఇంకోదానికీ 90 అడుగులు. బ్యాటర్ బంతిని కొట్టి, మొదటి బేస్ దాకా వెళ్తే సింగిల్, రెండో దానికి డబుల్, మూడో దానికి ట్రిపుల్, చుట్టూ తిరిగి మళ్లీ హోమ్‌కి, అంటే బ్యాటర్ నిలబడ్డ చోటికి, వస్తే హోమ్ రన్. ఈ నాలుగింటినీ కలిపి హిట్లు అంటారు. ఇప్పుడైతే హోమ్ రన్ అంటే దాదాపు మన క్రికెట్ సిక్సరే, బంతి అవతల పడుతుంది, బ్యాటర్ నింపాదిగా పరుగు పూర్తి చేస్తాడు. 1880ల్లో చాలా మైదానాల్లో ఆ సౌకర్యం లేదు. కంచె ఎక్కడో దూరంగా ఉండేది. బంతి ఫీల్డర్ల మధ్య నుంచి దూసుకుపోతే, వాళ్లు దాన్ని తెచ్చి విసిరేలోగా నాలుగు బేస్‌లూ పరిగెత్తి రావాలి. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, కానర్ అంకెలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

కానర్ 1857 జులై 1న కనెక్టికట్ రాష్ట్రంలోని వాటర్‌బరీలో పుట్టాడు. ఇత్తడి ఫ్యాక్టరీల ఊరు అది. తల్లిదండ్రులు ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. బంతాట ఆడి అన్నం తినొచ్చని ఆ ఇళ్లల్లో ఎవరూ నమ్మని రోజులు. తండ్రికి ఆ ఆట ఇష్టం లేదు. కానర్ చిన్న వయసులోనే ఆట కోసం ఇల్లు వదిలి వెళ్లాడు. తండ్రి పోయాక తిరిగొచ్చి ఫ్యాక్టరీ పనిలో చేరి కుటుంబం బాధ్యత తీసుకున్నాడు. వలస కుటుంబాల్లో పెద్ద కొడుకు బతుకు ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరికీ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. పని చేస్తూనే ఊరి జట్లకి ఆడాడు, తర్వాత మసాచుసెట్స్‌లోని హోల్యోక్ జట్టుకి. అక్కడి నుంచి 1880లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణం జట్టుకి, అంటే నేషనల్ లీగ్‌లోకి వచ్చాడు.

ఆ ట్రాయ్ జట్టు గొప్ప జట్టేమీ కాదు. కానీ ఆ ఏడాది అందులో ఆడినవాళ్లలో ఐదుగురు తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కి, అంటే బేస్‌బాల్ మహామహుల గౌరవ జాబితాలోకి, వెళ్లారు. కానర్, బక్ యూయింగ్, టిమ్ కీఫ్, మిక్కీ వెల్ష్, కొన్ని ఆటలే ఆడిన డాన్ బ్రౌథర్స్. ఎడమ చేతి ఆటగాడైన కానర్‌ని మొదట మూడో బేస్ దగ్గర నిలబెట్టారు. ఎడమ చేత్తో అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కి విసరాలంటే ఒళ్లంతా తిప్పుకోవాలి. భుజం దెబ్బతిన్నాక ఫస్ట్ బేస్‌కి మార్చారు. ఆ తర్వాత ఎక్కువగా అతని చోటు అదే.

1881 సెప్టెంబర్ 10 గురించి కొంచెం నెమ్మదిగా చెప్తాను. అల్బనీ దగ్గర మైదానం. ఎదుటి జట్టు వూస్టర్. బంతి విసురుతున్నది లీ రిచ్‌మండ్. అంతకు ముందు సంవత్సరమే, 1880 జూన్ 12న, ఒక్క బ్యాటర్‌ని కూడా బేస్ మీదకి రానివ్వకుండా ఆట మొత్తం పూర్తి చేసిన మొదటి పిచర్ అతను. మేజర్ లీగ్ చరిత్రలో మొట్టమొదటి పర్ఫెక్ట్ గేమ్ అతనిది. ఇక్కడ చివరి ఇన్నింగ్స్. ట్రాయ్ 4, వూస్టర్ 7. ఇద్దరు ఔటయ్యారు, ఇంకొకరు ఔటైతే ఆట అయిపోతుంది. మూడు బేస్‌ల మీదా ట్రాయ్ మనుషులే. కానర్ వచ్చి హోమ్ రన్ కొట్టాడు. నలుగురూ హోమ్‌కి చేరారు, 8-7తో ట్రాయ్ గెలిచింది. మూడు బేస్‌ల మీదా మనుషులుండగా కొట్టే ఇలాంటి హోమ్ రన్‌ని గ్రాండ్ స్లామ్ అంటారు. మేజర్ లీగుల్లో మొదటిది అదే.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది, నాకు చాలా ఇష్టం అది. ఆ కాలం నిబంధన ప్రకారం, చివరి ఇన్నింగ్స్‌లో గెలిచే పరుగు హోమ్ చేరగానే ఆట ముగిసినట్టు. బంతి ఎంత దూరం పోయినా సరే, ఆ పరుగుకి ఎన్ని బేస్‌లు కావాలో బ్యాటర్‌కి అన్నే ఇచ్చేవాళ్లు. ఒక్క పరుగు కావాల్సి ఉండి, మూడో బేస్ మీద మనిషి ఉంటే, కంచె దాటించినా అది సింగిలే! 1920 దాకా ఇలాగే సాగింది. ఆ రోజు ట్రాయ్ మూడు పరుగులు వెనకబడి ఉంది కాబట్టి గెలుపు పరుగు కానర్‌దే అయింది, అతను హోమ్ దాకా రావాల్సి వచ్చింది. అందుకే అది పూర్తి హోమ్ రన్‌గా లెక్కలోకి ఎక్కింది. ఇంకొక్క పరుగు తక్కువ వెనకబడి ఉంటే, సరిగ్గా అదే దెబ్బ పుస్తకంలో ట్రిపుల్‌గా ఉండేది. 138 అన్న అంకె ఇలాంటి నిబంధనల జల్లెడలోంచి వచ్చింది.

1882 తర్వాత ట్రాయ్ లీగ్‌లోంచి పోయింది. 1883లో న్యూయార్క్‌కి కొత్త జట్టు వస్తే కానర్, యూయింగ్, వెల్ష్ అందులో చేరారు. కొన్నేళ్లకి ఆ జట్టుకి జెయింట్స్, అంటే భారీకాయులు, అన్న పేరు స్థిరపడింది. ఆరడుగుల మూడంగుళాల ఎత్తు, 220 పౌన్ల బరువు కానర్‌ది. ఆ రోజుల సగటు మనిషి పక్కన నిలబడితే నిజంగానే భారీ మనిషి. మేనేజర్ జిమ్ మ్యూట్రీ తన ఆటగాళ్లని చూసి ఉప్పొంగి అలా పిలిచాడనీ, అదే పేరైపోయిందనీ అంటారు.

1885లో బ్యాటింగ్ టైటిల్, అంటే లీగ్‌లో అందరికంటే ఎక్కువ సగటు, కానర్‌దే, .371. అంటే వెయ్యి అవకాశాల్లో 371 హిట్ల లెక్క. ఇవాళ ఒక సీజన్‌లో .330 కొడితేనే గొప్పగా చెప్పుకుంటాం. సరే, ఆ 1885లో అతను ఎన్ని హోమ్ రన్లు కొట్టి ఉంటాడు? (సభలోంచి: "ఇరవై?") కాదండీ. ఒకటి. ఒకే ఒక్కటి. అదే ఏడాది 15 ట్రిపుల్స్ ఉన్నాయి. ఇక్కడే ఆనాటి ఆట అర్థమవుతుంది. అతని దెబ్బలో బలం తక్కువై కాదు, ఆ మైదానంలో బలమైన దెబ్బకి దొరికే ఫలితం ట్రిపుల్.

అతని మొత్తం ట్రిపుల్స్ 233. ఇప్పటికీ చరిత్రలో ఐదో స్థానం. పైనున్న నలుగురు శామ్ క్రాఫర్డ్, టై కాబ్, హోనస్ వాగ్నర్, జేక్ బెక్లీ. 220 పౌన్ల మనిషి ఇన్నిసార్లు 270 అడుగులు పరిగెత్తి, జారి, మూడో బేస్ అందుకున్నాడు. 244 బేస్‌లు దొంగిలించినట్టు, అంటే ఎవరూ బంతిని కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరినట్టు, కూడా లెక్క ఉంది. నిజానికి దొంగిలించిన బేస్‌ల లెక్క రాయడం లీగ్ 1886లోనే మొదలుపెట్టింది. అతని మొదటి ఆరు సీజన్లలో, కాళ్లలో బలం ఎక్కువున్న రోజుల్లో, ఏం దొంగిలించాడో ఆ అంకెలో లేదు. తను కొట్టినందువల్ల జట్టుకి వచ్చిన పరుగులు, మనం ఆర్‌బీఐ అంటున్నవి, అధికారికంగా రాయడం 1920లోగానీ మొదలవలేదు. 1,300 పైచిలుకు అని పుస్తకాల్లో అతని పేరు పక్కన చూస్తున్న అంకె తర్వాతి తరంవాళ్లు పాత పత్రికలు తిరగేసి కట్టింది.

ఇక 1886 సెప్టెంబర్ 11. న్యూయార్క్‌లో సెంట్రల్ పార్క్‌కి పైన, 110వ, 112వ వీధుల మధ్య ఉండేది ఆనాటి పోలో గ్రౌండ్స్. హోమ్ రన్ కష్టమైన మైదానం. బాస్టన్‌తో ఆట. పిచర్ చార్లీ రాడ్‌బర్న్, 'ఓల్డ్ హాస్' అని ముద్దుపేరు. రెండేళ్ల ముందు ఒక్క సీజన్‌లో దాదాపు 60 ఆటలు గెలిచిన మహానుభావుడు. అతను వేసిన బంతిని కానర్ కుడివైపు గోడ మీదుగా మైదానం అవతలికి, 112వ వీధిలోకి కొట్టాడు. జనం నమ్మలేకపోయారు. చూస్తున్నవాళ్లలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ మనుషులు ఉన్నారు. వాళ్లు అప్పటికప్పుడు చందాలు వేసుకుని 500 డాలర్ల బంగారు గడియారం కొని అతనికి బహుమతిగా ఇచ్చారు. ఆ 500 డాలర్ల విలువ తెలియాలంటే ఒకటి చెప్తాను. కొన్నేళ్ల తర్వాత యజమానులు ఆటగాళ్ల జీతాలకి తరగతులు పెట్టినప్పుడు, అన్నిటికంటే కింది తరగతికి ఏడాదికి 1,500 డాలర్లు. ఒక్క దెబ్బకి అందులో మూడో వంతు.

ఆ గడియారం నాకు ఎందుకు ముఖ్యం అంటే, చూసినవాళ్లకి అతని విలువ తెలుసు అనడానికి అదే రుజువు. ఆ రోజు అక్కడున్నవాళ్లు కానర్‌ని మర్చిపోలేదు. తరవాత వచ్చినవాళ్లకి అందించే ఏర్పాటు లేదు, అంతే.

1888, 1889ల్లో జెయింట్స్ లీగ్ గెలిచి, అప్పటి ప్రపంచ సిరీస్ కూడా గెలిచింది. 1887 నుంచి 1890 దాకా నాలుగేళ్లలో కానర్ 58 హోమ్ రన్లు కొట్టాడు, 17, 14, 13, 14. ఒక్క సీజన్‌లో అతని అత్యధికం ఆ 17. సీజన్ మొత్తం మీద అందరికంటే ఎక్కువ కొట్టి మొదటి స్థానంలో నిలిచింది ఒక్క 1890లోనే. మరి రికార్డు ఎలా వచ్చింది? ఏడాదికి ఏడాది తప్పకుండా కొడుతూ పోయాడు. మొదటి ఏడు సీజన్లలో 22 హోమ్ రన్లు ఉన్న మనిషి, ముప్ఫై ఏళ్ల వయసు దాటాక వంద పైగా కొట్టాడు.

దీనికి ఎదురుగా ఇంకొకరి కథ చూడండి. నెడ్ విలియమ్సన్ అని చికాగో ఆటగాడు. 1884లో ఒక్క సీజన్‌లో 27 హోమ్ రన్లు కొట్టాడు. ఆ రికార్డు 1919లో రూత్ 29 కొట్టేదాకా ఉంది. చికాగో లేక్‌ఫ్రంట్ పార్కులో ఎడమ కంచె 180 అడుగులు, కుడి కంచె 196 అడుగులు. ఇప్పుడు మన పిల్లల లిటిల్ లీగ్ కంచె 200 అడుగుల దూరంలో ఉంటోంది, ఆలోచించండి. 1883లో ఆ కంచె మీదుగా పోయిన బంతి డబుల్ కిందే లెక్క. 1884లో హోమ్ రన్ అని మార్చారు. విలియమ్సన్ 27లో 25 సొంత మైదానంలో వచ్చాయి. మరుసటి ఏడాది జట్టు వేరే మైదానానికి వెళ్లింది, అతను కొట్టినవి 3. విలియమ్సన్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, ఉన్న మైదానంలో ఉన్న నిబంధనతో ఆడాడు, అతనికి రావాల్సింది అతనికి రావాలి. కానీ అంకెకి మైదానం, నిబంధన జోడించకుండా చదివితే ఏమీ అర్థం కాదు.

నిబంధనల సంగతీ అంతే. కానర్ వచ్చినప్పుడు పిచర్ 45 అడుగుల దూరం నుంచి వేసేవాడు. 1881లో 50, 1893లో ఇప్పటి 60 అడుగుల 6 అంగుళాలు. 1884లో చేయి పైకెత్తి విసరడాన్ని నేషనల్ లీగ్ ఒప్పుకుంది, దాంతో వేగం పెరిగింది. 1886 దాకా బ్యాటర్ తనకి ఎత్తు బంతి కావాలో, కింద బంతి కావాలో అడిగి వేయించుకోవచ్చు, 1887లో అది పోయింది. పిచర్ సరిగ్గా వేయని బంతుల్ని బాల్స్ అంటారు, అవి కొన్ని అయితే బ్యాటర్ కొట్టకుండానే మొదటి బేస్‌కి వెళ్తాడు, అది వాక్. అందుకు అతని మొదటి ఏడాది 8 బాల్స్ కావాలి, 1889కి 4. ఇవన్నీ ఒకే మనిషి ఆడిన కాలంలో మారాయి. మారినప్పుడల్లా మళ్లీ సర్దుకుని కొట్టాడు. మొత్తం మీద 2,467 హిట్లు, సగటు .316. నా దృష్టిలో అతని అసలు గొప్పతనం ఏ ఒక్క అంకెలోనూ లేదు, ఈ సర్దుకోవడంలో ఉంది.

ఇంకో విషయం, క్లుప్తంగా. 1885 అక్టోబర్‌లో న్యూయార్క్ ఆటగాళ్లు తొమ్మిది మంది కలిసి బేస్‌బాల్‌లో మొదటి ఆటగాళ్ల సంఘం పెట్టారు. జాన్ మాంట్‌గొమరీ వార్డ్ నాయకుడు. ఆ తొమ్మిది మందిలో కానర్ ఒకడు. ఒకసారి సంతకం పెడితే యజమాని వదిలేదాకా వేరే జట్టుకి వెళ్లకూడదన్న నిబంధన, పైగా జీతాల మీద పరిమితి. విసిగిపోయి 1890లో సొంతంగా ప్లేయర్స్ లీగ్ పెట్టుకున్నారు. కానర్ అందులోకి వెళ్లాడు. హోమ్ రన్లలో మొదటివాడైంది అక్కడే. డబ్బు చాలక ఆ లీగ్ ఒక్క ఏడాదికే మూతపడింది. జీతం తీసుకునే వృత్తిలో ఉన్న మనిషిగా, ఆ తొమ్మిది మంది మీద నాకు చాలా గౌరవం.

తర్వాత మళ్లీ జెయింట్స్, ఒక ఏడాది ఫిలడెల్ఫియా, మళ్లీ జెయింట్స్. 1894 మధ్యలో జెయింట్స్ వదులుకుంటే సెయింట్ లూయిస్‌కి వెళ్లాడు. వయసైపోయిందన్నారు. 1895 జూన్ 1న అదే జెయింట్స్ మీద ఆరుసార్లు బ్యాట్ పట్టి ఆరు హిట్లు కొట్టాడు. ఆ ఏడాదే, అప్పటిదాకా ముందున్న హ్యారీ స్టోవీ 122 హోమ్ రన్లని దాటి హోమ్ రన్లలో మొదటివాడయ్యాడు. 1896లో కొన్నాళ్లు మేనేజర్‌గా చేశాడు, జట్టు 8 గెలిచి 37 ఓడింది. వదిలేసి మామూలు ఆటగాడిగా కొనసాగాడు. 1897లో చివరి ఆట.

ఇంటికొచ్చి వాటర్‌బరీ చిన్న లీగ్ జట్టు కొనుక్కున్నాడు. భార్య ఆంజలీన్ లెక్కలు చూసేది, పెంపుడు కూతురు టికెట్లు చూసుకునేది. తను కళ్లజోడు పెట్టుకుని ఫస్ట్ బేస్ ఆడేవాడు. 40 దాటిన వయసులో, 1899లో, ఆ లీగ్‌లో బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. తర్వాత ఊళ్లో స్కూల్ భవనాల ఇన్‌స్పెక్టర్‌గా ఉద్యోగం చేశాడు.

1921 జులై 18న డెట్రాయిట్‌లో బేబ్ రూత్ 139వ హోమ్ రన్ కొట్టాడు. ఆ దెబ్బ ఎంత దూరం పోయిందన్నది ఇప్పటికీ చెప్పుకుంటారు. 64 ఏళ్ల కానర్ అప్పటికి వాటర్‌బరీలోనే ఉన్నాడు. కెరీర్ రికార్డు బద్దలైందని ఆ రోజు సంబరం జరగలేదు. కెరీర్ మొత్తాలు కట్టి చూసుకునే అలవాటే అప్పటికి లేదు మరి. సీజన్‌లో ఎవరు ఎన్ని కొట్టారన్నదే వార్త. కానర్ 1931 జనవరి 4న పోయాడు. సమాధి మీద పేరు కూడా వేయలేదు.

అతన్ని వెనక్కి తెచ్చింది ఇంకో మనిషి రికార్డు. 1970ల మొదట్లో హాంక్ ఆరన్ అనే ఆటగాడు రూత్ కెరీర్ మొత్తం 714 హోమ్ రన్లకి దగ్గరవుతుంటే, మరి రూత్ ఎవరిని దాటాడు అన్న ప్రశ్న వచ్చింది. 1974 ఏప్రిల్ 8న ఆరన్ 715 కొట్టాడు. 1976లో కానర్‌ని హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నుకున్నారు, పోయిన 45 ఏళ్లకి. 2001లో వాటర్‌బరీ ప్రజలు, అభిమానులు చందాలు వేసి సమాధి మీద రాయి నిలబెట్టారు.

(సభలోంచి ప్రశ్న: 138 అన్నది కచ్చితమేనా, కొన్ని చోట్ల వేరే అంకె చూశాను.)

మంచి ప్రశ్న. చాలాకాలం 131 అనుకున్నారు. తర్వాత కొన్ని పుస్తకాల్లో 136 అని వచ్చింది. జాన్ టాటర్సాల్ అనే పరిశోధకుడు జీవితకాలం పాత పత్రికల్లోని బాక్స్ స్కోర్లు, అంటే ఒక్కో ఆట స్కోరు పట్టికలు, పోగుచేసి, ప్రతి హోమ్ రన్‌నీ తేదీ, మైదానం, పిచర్‌తో సహా నమోదు చేశాడు. ఆయన లెక్కలో 138 వచ్చింది. ఇప్పుడు మేజర్ లీగ్ బేస్‌బాల్ కూడా అదే వాడుతోంది. సీజన్ వారీగా కూడితే సరిగ్గా సరిపోతుంది, నేను కూడి చూశాను.

(ఇంకో ప్రశ్న: ఆ రోజుల్లో నల్లజాతి ఆటగాళ్లు ఉంటే ఈ రికార్డులు ఇలాగే ఉండేవా?)

ఇది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. 1884లో ఫ్లీట్ వాకర్ అనే నల్లజాతి ఆటగాడు మేజర్ లీగ్‌లోని టొలీడో జట్టుకి ఆడాడు. ఆ తర్వాత యజమానులు తలుపులు మూసేశారు, 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా. కాబట్టి కానర్ రికార్డైనా, రూత్ రికార్డైనా ఆ తలుపు లోపలి రికార్డులే. కానర్‌కి లెక్క రాసేవాళ్లు తక్కువయ్యారు, వాళ్లకి ఆడనిచ్చేవాళ్లే లేరు. రెండూ ఒకటి కాదు, రెండోది ఘోరం. 2024లో మేజర్ లీగ్ బేస్‌బాల్ నీగ్రో లీగ్‌ల, అంటే ఆ రోజుల్లో నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడిన లీగ్‌ల, అంకెలు తన పుస్తకంలో కలిపింది. దాంతో కెరీర్ సగటులో టై కాబ్ .367ని దాటి, ఆ లీగ్‌ల్లో ఆడిన జాష్ గిబ్సన్ .372తో మొదటి స్థానానికి వచ్చాడు. గిబ్సన్ 1947 జనవరిలో పోయాడు, రాబిన్సన్ మొదటి ఆటకి మూడు నెలల ముందు. ఆ పని కూడా ఇలాగే, పాత పత్రికల్లో ఒక్కో ఆట వెతికి పట్టుకున్నవాళ్ల వల్లే సాధ్యమైంది, ఇంకా జరుగుతూనే ఉంది.

వెనక వరసలో ఎవరో చెయ్యెత్తారు, పిల్లాడనుకుంటా. అడుగు నాన్నా.

(ప్రశ్న: కానర్ ఇప్పుడు ఆడితే ఎన్ని కొట్టేవాడు?)

అంకె చెప్పలేను నాన్నా, ఊహించి చెప్తే అబద్ధం అవుతుంది. కానీ అతని 233 ట్రిపుల్స్ ఉన్నాయి చూడు, వాటిలో చాలావరకు ఇప్పటి కంచెలున్న మైదానంలో అవతల పడేవని నా నమ్మకం. ఈసారి మీ కోచ్‌తో ట్రిపుల్ గురించి మాట్లాడు. ఈ ఆటలో ఇప్పుడు అన్నిటికంటే తక్కువగా కనిపించే హిట్ అది. మాట్లాడనిచ్చినందుకు అందరికీ ధన్యవాదాలు.